ట్రాక్టరు ఇంజను కంట్రోలు మాడ్యూలు: దాని రకములును, పిన్నుల తీరును

ఇటీవల క్రొత్త తరగతి ట్రాక్టర్లను కొనిన సభ్యులలో పలువురు ఒకే ప్రశ్న వేయుచున్నారు. "ఇంజను కంట్రోలు మాడ్యూలు పోయినదని మెకానిక్కు చెప్పుచున్నాడు. క్రొత్తదాని వెల మిక్కిలి హెచ్చు. పాత సామానుల అంగడిలో అచ్చముగ అట్టి పెట్టెయే తక్కువ వెలకు దొరకుచున్నది. సాకెట్టును చక్కగా పట్టుచున్నది. తీసికొనవచ్చునా?" అని.

ఇందుకు ముందుగా చెప్పదగిన ప్రత్యుత్తరమిది: సాకెట్టు పట్టినంత మాత్రమున పెట్టె సరిపోయినట్లు కాదు. పైకి ఒకే తీరుగ నుండు రెండు మాడ్యూళ్లలో ఒకే స్థానమునందలి పిన్ను రెండు వేర్వేఱు పనులు చేయవచ్చును. ఇది తెలియక పెట్టె మార్చినచో వెచ్చించిన సొమ్ము పోవుటయే కాక, చెడని భాగములు కూడ చెడును. దమ్ము చేయు దినములలో ట్రాక్టరు వారము దినములు నిలిచినచో నారు ముదిరి దిగుబడి తగ్గును. కావున రైతులు ఈ విషయమును కొంతవఱకైన తెలిసికొని యుండుట మేలు.

1. ఈ పెట్టె యెందులకు వచ్చినది?

పాత డీజిలు ఇంజనులో ఎంత డీజిలు పోయవలెను, ఎప్పుడు పోయవలెను అను రెండు పనులను పంపే చూచుకొనెడిది. గవర్నరు, స్ప్రింగులు, కామ్ షాఫ్టు ఇవియే దాని బుద్ధి. కామన్ రైలు పద్ధతిలో ఆ పని విద్యుత్తుకు అప్పగింపబడినది. రైలు అను గట్టి గొట్టములో డీజిలు గొప్ప ఒత్తిడితో నిలువయుండును. ఒక్కొక్క ఇంజెక్టరును విద్యుత్తు తెఱచి మూయుచుండును. జపానునందు డెన్సో వారు 1995లో ఈ పద్ధతిని లారీ ఇంజనులకు అమర్చిరి. 1997లో బాష్ వారి సాధనములతో ఆల్ఫా రోమియో 156 అను కారు వెలువడినది. మన దేశమున 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్–4 అను పొగ నిబంధనలు 2023 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. వానిని నెరవేర్చుటకై పెద్ద ట్రాక్టర్లు పెక్కు కామన్ రైలును, దానితోపాటు కంట్రోలు మాడ్యూలును ధరించినవి.

ఈ పెట్టె చేయు పని యెంత సూక్ష్మమో చూడుడు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరు 1000 సారులు డీజిలు పుచ్చుకొనును. అనగా నాలుగింటికి కలిసి నిమిషమునకు 4000 సారులు. ఆ వేగమున ఇరుసు ఒక్క డిగ్రీ తిరుగుటకు పట్టు కాలము సెకనులో 12,000వ వంతు. ఇంత లెక్కతో తెఱచి మూయుట స్ప్రింగులకు సాధ్యము కాదు.

2. వచ్చు తీగలు, పోవు తీగలు

మాడ్యూలునకు చేరు తీగలను మూడు తరగతులుగ చూడవచ్చును. మొదటివి దానికి ఆహారమిచ్చు తీగలు: బ్యాటరీ ప్లస్, ఎర్తు, తాళము త్రిప్పగా వచ్చు ప్లస్. వైరింగు పటములలో వీనిని 30, 31, 15 అను సంఖ్యలతో వ్రాయుట కలదు. రెండవవి వార్త తెచ్చు తీగలు: ఇరుసు వేగము, నీటి వేడి, రైలు ఒత్తిడి, యాక్సిలరేటరు స్థానము మొదలగువానిని సెన్సార్లు తెలుపును. ఈ సెన్సార్లలో పెక్కింటికి మాడ్యూలే 5 ఓల్టుల విద్యుత్తు నిచ్చును. మూడవవి ఆజ్ఞ మోయు తీగలు: ఇంజెక్టర్లు, పంపునందలి డీజిలు కొలత వాల్వు, ఈజీఆర్ వాల్వు, రిలేలు, డాష్ బోర్డు దీపములు మున్నగునవి ఈ తీగల వలన పనిచేయును. వీనికే ఔట్‌పుట్ పిన్నులని పేరు. చిక్కులలో పెక్కు ఈ మూడవ తరగతి వద్దనే పుట్టును.

3. ఎగువ తూము, దిగువ గండి

ఔట్‌పుట్ పిన్నుల తీరు తెలియుటకు మన పొలము నీటిపాఱుదలయే చాలును. చెరువు నీరు తూము గుండ వచ్చి మడిలో పాఱి, దిగువ గండి దాటి మురుగు కాలువలో పడును. నీరు పాఱవలెనన్నచో తూమును గండియు రెండును తెఱచి యుండవలెను. ఏ యొకటి మూసినను పాఱుదల నిలుచును. బ్యాటరీ ప్లస్ చెరువు. ఎర్తు మురుగు కాలువ. పనిచేయవలసిన రిలే గాని వాల్వు గాని మడి అనుకొనుడు.

కొన్ని పిన్నులు ఎగువ తూమును కాచును. అచ్చట ఆ భాగము యొక్క రెండవ కొన ఎల్లపుడు ఎర్తునకు కలిసియుండును. మాడ్యూలు ప్లస్‌ను పంపినపుడు అది పనిచేయును. దీనిని హై సైడు అందురు. మఱికొన్ని దిగువ గండిని కాచును. అచ్చట ప్లస్ ముందుగనే ఫ్యూజు గుండ, రిలే గుండ ఆ భాగము వఱకు వచ్చి నిలిచియుండును; మాడ్యూలు రెండవ కొనను ఎర్తునకు కలిపినపుడు అది పనిచేయును. ఇది లో సైడు. రిలేలును, చిన్న వాల్వులును తఱుచు ఈ లో సైడు తీరునే యుండును.

మూడవ తీరు కలదు. ఈజీఆర్ వాల్వునందలి చిన్న మోటారు ఇరువైపుల తిరుగవలెను. దానికి రెండు పిన్నులు కావలెను. ఒకటి ప్లస్ అయినపుడు రెండవది ఎర్తు. త్రిప్పు మార్చవలసినపుడు అవి తారుమారగును. దీనిని హెచ్-బ్రిడ్జి అందురు. ఇట్టి మోటారు తీగలలో ఏదియు నేరుగా ఎర్తునకు గాని ప్లస్‌నకు గాని తగులరాదు.

నాలుగవది ఇంజెక్టరు పిన్నుల తీరు. బురదలో దిగబడిన బండిని కదల్చుటకు బలమెక్కువ కావలెను. కదలిన తరువాత కొద్ది బలము చాలును. అట్లే కాయిలు ఇంజెక్టరును తెఱచుటకు మాడ్యూలు తనలోనే విద్యుత్తును 50 మొదలు 80 ఓల్టుల వఱకు పెంచి, సుమారు 20 ఆంపియర్ల ప్రవాహమును ఒక్క క్షణము పంపి, ఆపై దానిని తగ్గించి నిలుపును. పీజో అను మఱియొక తరగతి ఇంజెక్టర్లకు 100 ఓల్టులకు పైబడిన ఒత్తిడి కావలెను. కాయిలు ఇంజెక్టర్ల మాడ్యూలు పీజో ఇంజెక్టర్లకు పనికిరాదు. దానిది దీనికి పనికిరాదు.

వీనిలో కొన్ని పిన్నులు ఎల్లపుడు తెఱచియుండక, సెకనునకు నూఱు, ఇన్నూఱు సారులు తెఱచి మూయుచుండును. నీరుగంటి తూమును సగము కాలము తెఱచి సగము కాలము మూసినచో మడికి సగము నీరే చేరునుగదా! డీజిలు కొలత వాల్వునకు మాడ్యూలు ఇట్లే పాలు నిర్ణయించును. ఈ పద్ధతి కలిగిన పిన్నునకు మామూలు రిలేను తగిలించినచో అది టకటక కొట్టుకొని చెడును.

4. ఒకే పెట్టె, పెక్కు రకములు

ఇంజనులు వేఱైనను తయారుచేయువారు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పెట్టెను పోతపోయరు. ఒకే అల్యూమినియపు పెట్టె, ఒకే సాకెట్టు, ఒకే పలక తీసికొని, అందు అమర్చు భాగములను మార్చెదరు. బాష్ వారి ఈడీసీ-17 తరగతి కార్ల మాడ్యూళ్లలో పెక్కింటికి 94 పిన్నుల సాకెట్టొకటియు 60 పిన్నుల సాకెట్టొకటియు కలిసి 154 పిన్నులుండును. ఏ యింజనుకును ఆ పిన్నులన్నియు అక్కఱలేదు. అక్కఱలేని పిన్ను వెనుక లోపలి భాగమును వేయకయే విడిచెదరు. బయట పిన్ను కనబడుచునే యుండును. లోపల మాత్రము ఏమియు నుండదు. అది ద్వారబంధము నిలిపి తలుపు పెట్టని గోడవంటిది.

ఈ భేదములు మూడు మెట్లలో నుండును.

మొదటిది హార్డువేరు భేదము: సిలిండర్లు మూడా నాలుగా, ఇంజెక్టరు ఏ తరగతిది, ట్రాక్టరు తీరున 12 ఓల్టులా లేక పెద్ద లారీల తీరున 24 ఓల్టులా, ఏ పిన్ను వెనుక హై సైడు భాగమున్నది, ఏ పిన్ను వెనుక లో సైడు భాగమున్నది అనునవి. దీనిని బయటనుండి మార్చుటకు వీలులేదు.

రెండవది సాఫ్టువేరు భేదము: ఒకే హార్డువేరు కలిగిన రెండు పెట్టెలలో ఒకే పిన్ను ఒక మోడలునందు గ్లో ప్లగ్గుల రిలేకును, మఱియొక మోడలునందు ఫ్యానునకును కేటాయింపబడియుండవచ్చును.

మూడవది ఆ ఒక్క ట్రాక్టరునకే చెందిన వివరములు: ప్రతి ఇంజెక్టరుపై చెక్కిన కోడు మాడ్యూలులో వ్రాయబడియుండును, తాళపు రక్షణ కల బండ్లలో ఆ తాళపు గుర్తును దానిలోనే యుండును. కాబట్టి హార్డువేరు, సాఫ్టువేరు రెండును కలిసిన పాత పెట్టెయైనను ఈ మూడవ మెట్టు సరిచేయనిదే ఇంజను నిండు పని ఇయ్యదు. ఒక్కొక్కపుడు స్టార్టే కాదు.

ఈ కారణముచేతనే పెట్టెమీది చీటి ముఖ్యము. దానిపై తయారీదారు సంఖ్య, హార్డువేరు సంఖ్య, సాఫ్టువేరు సంఖ్య మొదలగునవి అచ్చువేయబడియుండును. బాష్ వారి డీజిలు మాడ్యూళ్ల సంఖ్యలు 0 281 తోను, పెట్రోలు మాడ్యూళ్లవి 0 261 తోను ప్రారంభమగును. తుది అంకె ఒకటి మారినను అది వేఱు రకమే అని తలంపవలెను. చీటి గీకివేసిన పెట్టెను ఎంత చౌకగ వచ్చినను కొనరాదు.

5. తప్పు పెట్టె పెట్టినచో ఏమగును?

ప్లస్ ముందే వచ్చి నిలిచిన భాగమునకు హై సైడు పిన్ను కలిసెననుకొందము. రెండు కొనలందును ప్లస్సే యగును. ఆ భాగము కదలదు. ఎర్తునకు కట్టిన భాగమునకు లో సైడు పిన్ను కలిసినచో రెండు కొనలందును ఎర్తే, అదియు కదలదు. ఈ రెండును కొంత మేలే. పని జరుగదు గాని నష్టము స్వల్పము. 5 ఓల్టుల సెన్సారు తీగ ఉండవలసిన చోటికి 12 ఓల్టులు వచ్చినచో సెన్సార్లు వరుసగ కాలును. లో సైడు పిన్నునకు బ్యాటరీ ప్లస్ నేరుగ తగిలినచో పిన్ను తెఱచిన వెంటనే అడ్డులేని ప్రవాహము పాఱును. క్రొత్త మాడ్యూళ్లు పెక్కు దీనిని కనిపెట్టి తమంతట తాము మూసికొనును; అట్టి రక్షణ లేనివి కాలిపోవును.

ఇంకొక ప్రమాదము ప్రాణమునకు సంబంధించినది. సెల్ఫు రిలే లో సైడు తీరున కట్టబడియుండి, దాని ఆజ్ఞ తీగ ఎలుక కొఱికి గాని రాపిడి వలన గాని బండి శరీరమునకు తగిలెననుకొందము. మాడ్యూలు ఆజ్ఞ లేకయే రిలే పడును. గేరులో నున్న ట్రాక్టరు తాళము త్రిప్పినంతనే ముందుకు దూకవచ్చును. కావున తీగల పనిచేయునపుడు గేరు తప్పించి, చక్రములకు అడ్డువేసి, బ్యాటరీ మైనస్ తీసివేయుట విధిగా పెట్టుకొనవలెను.

6. పెట్టెను నిందించుటకు ముందు

ట్రాక్టరు నిలిచినపుడు మొదట అడుగవలసినది తప్పు కోడు. జే-1939 అను కట్టడి ననుసరించు ట్రాక్టర్లలో ఈ కోడు రెండు అంకెల జతగ వచ్చును. మొదటిది ఎస్‌పీఎన్, అది ఏ భాగమో తెలుపును. రెండవది ఎఫ్‌ఎమ్‌ఐ, అది ఏ తీరు తప్పో తెలుపును. 100 ఇంజను ఆయిలు ఒత్తిడి. 110 నీటి వేడి. 157 రైలు ఒత్తిడి. 651 మొదలు 654 వఱకు ఒకటి మొదలు నాలుగవ ఇంజెక్టరు వఱకు వరుసగ సూచించును. ఎఫ్‌ఎమ్‌ఐ 3 అన్నచో ఓల్టులు హెచ్చు, లేక తీగ ప్లస్‌నకు తగిలినది. 4 అన్నచో ఓల్టులు తక్కువ, లేక ఎర్తునకు తగిలినది. 5 అన్నచో ప్రవాహము తక్కువ, లేక తీగ తెగినది. 6 అన్నచో ప్రవాహము హెచ్చు, లేక ఎర్తునకు కలిసినది.

651తో 5 వచ్చినదనుకొనుడు. మొదటి ఇంజెక్టరు దారి ఎచ్చటనో తెగియున్నదని మాడ్యూలే చెప్పుచున్నది. ఆ దారిలో మాడ్యూలు, తీగ, రెండు సాకెట్లు, ఇంజెక్టరు కాయిలు కలవు. మొదట చూడవలసినవి తీగయు సాకెట్టును. దమ్ములో తడిసిన సాకెట్టు, పచ్చబడిన పిన్ను, పాకలో ఎలుక కొఱికిన తీగ, బ్యాటరీ వద్ద వదులైన ఎర్తు బోల్టు ఇవి యన్నియు మాడ్యూలు చెడినట్లే లక్షణములు చూపును. కోడును చదువక, తీగలను పరీక్షింపక పెట్టె పోయినదని చెప్పు మెకానిక్కు మాటను నమ్మి సొమ్ము తీయరాదు.

పరీక్షించు వరుస ఇది. తాళము తీసి, కొన్ని నిమిషములు ఆగి, బ్యాటరీ మైనస్ తీయుడు. తాళము తీసిన వెంటనే మాడ్యూలు నిద్రపోదు. తన లెక్కలు వ్రాసికొని తరువాత మెయిన్ రిలేను విడుచును. పిమ్మట అనుమానమున్న భాగము సాకెట్టు విప్పి మల్టీమీటరుతో కాయిలు నిరోధమును కొలువుడు. 12 ఓల్టుల రిలే కాయిలు సాధారణముగ 70 మొదలు 100 ఓముల చుట్టుపట్ల నుండును. కొలత వాల్వు కొలది ఓములు మాత్రమే. కాయిలు ఇంజెక్టరు ఒక ఓముకంటె తక్కువ. సున్న దగ్గఱ చూపినంతనే చెడినదనుకొనరాదు. కాయిలు బాగున్నచో మైనస్ తిరిగి తగిలించి, తాళము త్రిప్పి, రిలే గాని చిన్న వాల్వు గాని యొక్క తీగవైపు సాకెట్టులో ఓల్టులు చూడుడు. ఇంజెక్టరు తీగలను మాత్రము ఇట్లు ముట్టరాదు. ఒక తీగలో నిండు 12 ఓల్టులున్నచో అది లో సైడు తీరు. తాళము తీసియుండగా ఒక తీగ ఎర్తుతో కలిసియున్నట్లు తేలినచో అది హై సైడు తీరు. రెండవ తీగపై కొన్ని ఓల్టులు మాత్రమే కనబడినను కలవరపడవలదు. తెగిన తీగను పట్టుటకు మాడ్యూలు తానే స్వల్పముగ పంపునట్టి విద్యుత్తది. పెట్టెలు తమలో తాము మాటలాడుకొను రెండు పురిపెట్టిన తీగలు, అనగా క్యాన్ తీగలు, కలవు. బ్యాటరీ తీసి వాని నడుమ కొలిచినచో 60 ఓములు చూపవలెను. 120 చూపినచో రెండు కొనల నిరోధములలో ఒకటి విడివడినది.

7. చేయరాని పనులు

ఇంజను నడచునపుడు ఇంజెక్టరు తీగలను చేతితో ముట్టరాదు. పాత ఇంజనులలో వలె ఇంజెక్టరు పైపు నట్టు వదలించి డీజిలు వచ్చుచున్నదేమో చూచు అలవాటును పూర్తిగా మానుకొనవలెను. రైలులోని ఒత్తిడి 1000 బార్లకు మించి పోవును. ఆ ధార చర్మమును చీల్చి లోపలికి దూరును. అట్టి గాయము చిన్నదిగ కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ట్రాక్టరునకు వెల్డింగు చేయించునపుడు బ్యాటరీని, మాడ్యూలు సాకెట్టును విప్పవలెను. 12 ఓల్టుల ట్రాక్టరును లారీ యొక్క 24 ఓల్టులతో స్టార్టు చేయరాదు. తాళము వేసియుండగా సాకెట్టు విప్పరాదు. మీటరు సూదిని సాకెట్టు రంధ్రములోనికి గట్టిగ పొడువరాదు. రంధ్రము వదులై క్రొత్త తప్పు పుట్టును. నీటి పంపు ధారను మాడ్యూలు సాకెట్టుమీదికి విడువరాదు.

8. సంఘము చేయదగినది

ఒక్కొక్క రైతు విడివిడిగ చేయలేనిది సంఘము చేయగలదు. మల్టీమీటరొకటి, కోడు చదువు సాధనమొకటి సంఘము కొనియుంచినచో పది ట్రాక్టర్లకు ఉపకరించును. సభ్యుల ట్రాక్టర్లకును, అద్దెకిచ్చు యంత్రములకును ఒక పుస్తకము పెట్టి, అందు ఇంజను సంఖ్య, మాడ్యూలు చీటిమీది సంఖ్యలన్నియు, ప్రతి ఇంజెక్టరు కోడు వ్రాసి, చీటి ఫొటోను జతపఱుపవలెను. ఈ పని ట్రాక్టరు బాగున్న దినములలోనే చేయవలెను. చీటి మాసిన తరువాత గాని, పెట్టె కాలిన తరువాత గాని సంఖ్యలు దొరకవు. గ్యారంటీ గడువు తీరని ట్రాక్టరు పెట్టెను మాత్రము కంపెనీ మనుష్యులు తప్ప ఇతరులు విప్పరాదు.

పాత పెట్టెను కొనక తప్పని రైతు ఆ పుస్తకమును వెంట తీసికొనిపోయి, అంగడిలో సంఖ్యలను అంకె అంకెగ సరిచూడవలెను. అన్నియు కలిసినను, ఇంజెక్టరు కోడులు వ్రాయించి ఇంజనును నడిపి చూపిన పిమ్మటనే సొమ్ము చెల్లించు షరతును వ్రాయించుకొనవలెను. ఆ షరతునకు ఒప్పుకొనని అంగడిలో కొనకుండుటయే లాభము. రాబోవు దుక్కికి ముందే సభ్యులు తమ ట్రాక్టర్ల మాడ్యూలు సంఖ్యలను కార్యదర్శి వద్ద వ్రాయించుకొందురుగాక.